యారాలి ఏడుపు సీను

తాండూరులో మా ఇంట్లో సాయంత్రం ఏడు కాగానే అత్తమ్మ టీవీ పెట్టిస్తుంది. ఆ వేళకు వచ్చే సీరియల్లో ఒక తల్లి ఉంటుంది. కూతుర్ని వెనకేసుకొచ్చి, వియ్యాలవారిని నోరెత్తనివ్వని తల్లి. ఆమె తెరమీద ఉన్నంతసేపూ అత్తమ్మ ముద్ద నోట్లో పెట్టదు, మాట్లాడదు, మమ్మల్ని మాట్లాడనివ్వదు. ప్రకటనలు రాగానే పప్పులో ఉప్పు తక్కువైందని నావంక చూస్తుంది. ఆ వేషం వేసే మనిషి పదకొండేళ్ళు ఈ ఇంటి కోడలు. నా మరిది భార్య. మా వైపు తోటికోడలిని యారాలు అంటారు. ఆమె నాకు యారాలు, నేను ఆమెకు అక్కను. ఆమె ఈ ఇల్లు ఎందుకు విడిచిందో అత్తమ్మకూ మా ఆయనకూ సరిగ్గా తెలియదు. చెప్పాల్సినదాన్ని నేనే కాబట్టి తెలియదు.

పెళ్ళికి ముందు ఆమె నాలుగు సినిమాల్లో చేసింది, రెండింట్లో హీరోయిన్. మర్పల్లి దగ్గరి ఒక బడిపంతులి కూతురు. మా నాపరాళ్ళ గనిలో ఒక పాట తీయడానికి సినిమావాళ్ళు వచ్చి వారం రోజులున్నారు. మరిది రోజూ మజ్జిగ బిందె పట్టుకుని గనికి పోయేవాడు. అంత మజ్జిగ మా ఇంట్లో అంతకుముందెప్పుడూ చిలకలేదు. ఆరు నెలలకు పెళ్ళయింది. ఇక సినిమాలు చెయ్యనని ఆమే అంది, ఎవరూ అడగకముందే. ఎందుకని ఒకసారి అడిగాను. సినిమాల్లో తనకు ఎన్నో ఇళ్ళు ఉండేవట గానీ ఒక్క ఇంట్లోనూ పొయ్యి నిజంగా వెలిగేది కాదట. పొయ్యి వెలిగే ఇల్లు కావాలనిపించిందట. సరే, పొయ్యే కదా కావలసింది అనుకుని ఆమెను పొయ్యి ముందే కూర్చోబెట్టాను.

నా పెళ్ళికి వచ్చినవాళ్ళు నా నగలు చూసి పోయారు. ఆమె పెళ్ళికి పరిగి నుంచీ బొంరాస్‌పేట నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి ఆమె మొహం కోసం గోడలెక్కారు. ఆ తరువాత నెల దాకా జనం వస్తూనే ఉన్నారు, నేను టీలు కాచి పోస్తూనే ఉన్నాను. అప్పుడు మండిన కడుపు నాకు మళ్ళీ చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు కూడా. ఆమెను చూడటానికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, ఆమె ముందు ఉల్లిగడ్డల చాట పెట్టేదాన్ని. గోళ్ళలో పొట్టుతో, కళ్ళు తుడుచుకుంటూ ఫోటోలు దిగేది. నలుగురిలో "హీరోయినమ్మా" అని పిలిచి అంట్లు చూపించేదాన్ని. ఆమె నవ్వి తోమేది. ఆ నవ్వుకే నాకు ఇంకా ఒళ్ళు మండేది. పడే మనిషిని తిడితే సుఖం గానీ, నవ్వే మనిషిని తిడితే మన నోరే నొప్పి.

ఆమెకు పిల్లలు కలగలేదు. నాకు ఇద్దరు. చుట్టాలలో ఎవరింట్లో తొట్టెల వేసినా ఆమెను ఇంట్లో ఉంచి మేం పోయేవాళ్ళం. ఇంటికి కాపలా మనిషి ఉండాలని చెప్పేదాన్ని. పుట్టిన బిడ్డ దగ్గరికి ఆమె రాకూడదనే నా మాట అని ఆమెకు తెలుసు. మేం తిరిగివచ్చేసరికి రొట్టెలు చేసిపెట్టి, బిడ్డ ఎవరి పోలిక అని అడిగేది. నేను చెప్పేదాన్ని కాదు. ఎవరి పోలికైతే నీకేం అనేదాన్ని.

పదకొండో ఏట ఒక కుర్ర డైరెక్టర్ మరిదికి ఫోన్ చేశాడు. వికారాబాద్ దగ్గర, అనంతగిరి గుట్టల కింద ఒక ఊళ్ళో సినిమా తీస్తున్నాడు. తల్లి పాత్ర. తొమ్మిదేళ్ళ కూతుర్ని హాస్టల్‌కు పంపేసి, ఆ పిల్ల విడిచిన గౌను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే సీను ఒకటి ఉంది. ఆ ఒక్క సీను కోసం చేస్తానని ఆమె మరిదితో అంది. మరిది పెళ్ళయ్యాక మొదటిసారి అన్నం ముందు నోరు తెరిచి వాళ్ళమ్మను అడిగాడు. అత్తమ్మ మూడు రోజులు ఆలోచించింది.

"తల్లి వేషమైతె తప్పేంది," అంది చివరికి. "అట్లనన్న ఆ ముచ్చట దీరుతది."

అత్తమ్మ ఆ మాట అక్కసుతో అనలేదు. జాలిపడి అంది. ఆమె జాలి అలాగే ఉంటుంది. షరతులు రెండు పెట్టింది. రోజూ సాయంత్రం బండికి తాండూరు వచ్చెయ్యాలి. షూటింగ్ ఉన్నన్నాళ్ళూ నేను పక్కన ఉండాలి. ఇంటి ఆడమనిషి తోడు లేకుండా మా ఇంటి కోడలు కెమెరా ముందుకు పోదు. నేను చూసి వచ్చి చెప్పిన దాన్నిబట్టే మరునాడు పోవాలో వద్దో.

షూటింగుకు ముందు నెల రోజులు ఆమె ఏడుపు సాధన చేసింది. పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతూ ఉంటే ఉన్నట్టుండి కళ్ళనిండా నీళ్ళు. రొట్టె తిప్పే వేళకు తుడుచుకునేది. మొదటిసారి చూసినప్పుడు పుట్టింట్లో ఎవరో పోయారనుకున్నాను. ఏడుపు అంటే మొహం ముడుచుకోవడం కాదని నాకు చెప్పింది. ఆపుకోవాలట. మనం ఆపుకుంటుంటే చూసేవాళ్ళు ఏడుస్తారట. నన్నొక మనిషిగా చూసి, తన విద్యలోది ఒక ముక్క నా చేతిలో పెట్టింది. రొట్టె మాడుతోంది చూసుకో అన్నాను నేను.

మొదటి రోజు రైలు దిగి, ఆటోలో ఆ ఊరికి చేరాం. నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆమె మొహానికి రంగు వేయించుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. అప్పుడు తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన ఆమె దగ్గరికి వచ్చాడు. డైరెక్టర్ కింద అన్ని ఏర్పాట్లూ చూసే మనిషి, సినిమాల్లో పాతకాపు. ఆయన మొహం చూడగానే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఎన్నాళ్ళకు కనబడ్డారమ్మా," అన్నాడాయన. "ఎనిమిదేళ్ళ కిందట వేషం ఉందని మీ ఇంటిదాకా వచ్చాను. మీకప్పుడు ఐదో నెలని మీ ఇంట్లో ఆవిడ గేటు దగ్గరే చెప్పారు. ఇంకెందుకు ఇబ్బంది పెట్టడమని వెళ్ళిపోయాను. పాపా, బాబా?"

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఆమె నావైపు చూడలేదు. భుజం మీది కొంగు సరిచేసుకుంది.

"పాప," అంది. "మూడో తరగతి."

గేటు దగ్గర ఆ మాట చెప్పింది నేనే. ఆమె పెళ్ళయిన మూడో ఏడు అది. అప్పటికే ఆమెకు మళ్ళీ సినిమాల మీదికి మనసు లాగుతోందని నాకు తెలుసు. ఆ రోజు ఆమె మిద్దెమీద మిరపకాయలు ఎండబోస్తోంది. ఆయన గేటు బయట నిలబడి, మంచి వేషమమ్మా, హీరోయిన్‌తో సమానం అన్నాడు. ఇంట్లో లేదంటే మళ్ళీ వస్తాడు. ఒంట్లో బాగాలేదంటే చూసి పోతానంటాడు. ఇంకెన్నడూ రాకుండా ఉండాలంటే ఏం చెప్పాలో క్షణంలో తట్టింది నాకు. ఐదో నెల అన్నాను. ఆయన సంతోషపడి, తెచ్చిన అరటిపళ్ళు నా చేతిలో పెట్టి, ఆమెకు ఇవ్వమని చెప్పి వెళ్ళిపోయాడు. పళ్ళు నా పిల్లలు తిన్నారు. ఆయన ద్వారా ఆ మాట సినిమావాళ్ళందరికీ పాకినట్టుంది, తరువాత ఒక్కరూ ఫోన్ కూడా చెయ్యలేదు. ఇంత తొందరగా మరిచిపోయారా అక్కా అని ఆమె ఒకటి రెండుసార్లు నాతోనే అంది. లోకం అంతే అని నేనే ఓదార్చాను.

ఆ సాయంత్రం రైల్లో ఆమె ఏమైనా అడుగుతుందని చూస్తూ కూర్చున్నాను. పల్లీలు కొని నాకు సగం ఇచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది, రేపు గొడుగు తెచ్చుకో అక్కా అంది. అత్తమ్మ పనే అనుకుంటోందని నాకు నేను చెప్పుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో అత్తమ్మ గేటు దాకా ఏనాడూ నడవదని ఆ ఇంట్లో పదకొండేళ్ళు ఉన్న మనిషికి తెలియదని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

సిగ్గు కలిగితే మనిషి మెత్తబడుతుందంటారు. నేను మరింత గట్టిపడ్డాను. రోజూ ఇంటికి రాగానే అత్తమ్మ మంచం పక్కన కూర్చుని, చూసిందానికి ఉప్పూ కారం అద్ది చెప్పేదాన్ని. సినిమాలో ఆమె మొగుడి వేషం వేసినాయన ఒకసారి భుజం మీద చెయ్యి వేస్తే మూడుసార్లు అన్నాను. మరునాడు ఆమె డైరెక్టర్ ముందు నిలబడి, ఆయన చెయ్యి వెయ్యకుండా తీయమని బతిమాలుకోవలసి వచ్చింది. డైరెక్టర్ మొహం చిట్లించి సరే అన్నాడు. ఆ సీనులో మొగుడూ పెళ్ళాల మధ్య ఒక బర్రె పట్టేంత జాగా ఉంటుంది, ఇప్పుడు చూసినా తెలుస్తుంది. అందరూ ఆమె వెనక నవ్వారు. నేను మొహం ముందే నవ్వాను.

ఆరో రోజు టీ ఇచ్చే మనిషి నాకు చల్లారిన టీ తెచ్చాడు. నేను మా ఇంట్లో పనివాళ్ళను తిట్టినట్టే వాణ్ణి నిలబెట్టి తిట్టాను. ఆ తిట్లు డైరెక్టర్ విన్నాడు. పడీ పడీ నవ్వి, మరోసారి తిట్టమన్నాడు. గంట తిరిగేసరికి నాకోసం ఒక పాత్ర రాసుకొచ్చాడు. ఆ పిల్లకు పెద్దమ్మ. నోటి దురుసు మనిషి, పిల్లంటే ప్రాణం. కథ అలా మారాక, గౌను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేది ఇక తల్లి కాదు, పెద్దమ్మ. తల్లి గుమ్మంలో ఊరికే నిలబడుతుంది. ఇదంతా నా ముందే ఆమెకు చెప్పాడు.

"మీరు ఏడిస్తే సినిమాలో ఏడ్చినట్టు ఉంటుంది మేడమ్. ఈవిడ ఏడిస్తే నిజంలా ఉంటుంది."

సరే సార్ అంది ఆమె. ఆమె ఈ వేషానికి ఒప్పుకున్నది ఆ సీను కోసమేనని నాకు తెలుసు. నెల రోజుల రొట్టెల ఏడుపు నా కళ్ళతో చూశాను. వద్దు, అది మా చెల్లెలి సీను అని నేనొక్క మాట అంటే అయిపోయేది. నేను అద్దం ఎక్కడుందని అడిగాను.

ఇంట్లో ఆమెకు పదకొండేళ్ళకు దొరికిన అనుమతి నాకు అన్నం తినేలోపు దొరికింది. నువ్వు మనింటి మనిషివి, నీ గురించి ఫికరేంది అంది అత్తమ్మ. మా ఆయన పక్కింటివాళ్ళకు చెప్పడానికి అప్పుడే బయలుదేరాడు. మరిది సగం అన్నం వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె ఎప్పటిలాగే అందరికీ పప్పు వడ్డించి, చివర తాను పెట్టుకుంది. రేపు నాకు తోడుగా వెళ్ళేది ఆమేనని, గొడుగు మరిచిపోవద్దని అత్తమ్మ ఆమెకు చెప్పింది.

ఏడుపు సీను షూటింగు చివరి రోజున పెట్టారు. ఆ రోజు ఆమె చేతిలో ఎప్పుడూ తెచ్చే సంచీ కాక ఇంకోటి ఉంది. అడగలేదు. నా ధ్యాసంతా నా మొహం మీదే ఉంది.

చిన్న గౌను నా ఒళ్ళో పెట్టారు. ఆమె నా వెనక గుమ్మంలో నిలబడింది. కళ్ళలో మందు చుక్కలు వేస్తే నీళ్ళయితే కారాయి గానీ మొహం ముల్లు గుచ్చుకున్న మనిషి మొహంలా ఉందట. మళ్ళీ అన్నారు. మళ్ళీ చేశాను. తిట్టడం వచ్చినంత సులువుగా ఏడవడం రాలేదు. మా మామ పోయినప్పటి రోజు తలుచుకున్నాను, చిన్నప్పుడు మా అమ్మ కొట్టిన దెబ్బలు తలుచుకున్నాను. పదిసార్లు దాటాక లెక్క వదిలేశారు. గుట్ట వెనక్కి పొద్దు జారుతోంది. డైరెక్టర్‌కు విసుగొచ్చి, ఇంకొక్కసారి చూద్దాం, కాకపోతే సీను మేడమ్‌తోనే తీసేద్దాం అని అందరికీ వినబడేలా అన్నాడు.

అంటే ఇంకొక్కసారి నేను తప్పితే ఆ సీను ఆమెది. ఆమె గుమ్మంలో అలాగే నిలబడి ఉంటే చాలు. నాకూ ఆమెకూ ఇద్దరికీ అది తెలుసు.

ఆమె గుమ్మం దిగి నా దగ్గరికి వచ్చింది. పౌడరు అద్దే మనిషి చేతిలోంచి గుడ్డ తీసుకుని, నా ముందు గొంతుక్కూర్చుని, నుదుటి చెమట నెమ్మదిగా తుడిచింది. పదకొండేళ్ళలో నా మొహాన్ని అంత దగ్గరగా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. తరువాత చెవి దగ్గరికి వంగింది. ఇంట్లో పాలవాడు వచ్చిండని చెప్పే గొంతుతో చెప్పింది.

"పాప దినాం నిన్నే అడుగుతది అక్కా, పెద్దమ్మ ఏది అని. మూడో తరగతి గద, మస్తు మాటలు నేర్చింది. నీ పేరే పెట్టుకున్న."

లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. కెమెరా తిరిగింది. నా ఒళ్ళో గౌను ఉంది. అంతవరకూ అది గుడ్డ. దాని మెడ దగ్గర రెండు చిన్న బొత్తాలు ఉన్నాయి, ఒకటి ఊడిపోయి వేరే రంగుది కుట్టారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఎంత ఉంటుందో నాకు తెలుసు, ఇద్దర్ని పెంచాను. ఆ పిల్లను నేనే కన్నాను, గేటు దగ్గర, ఒక్క మాటతో. ఆమె పదకొండేళ్ళూ కడుపులో మోయలేనిదాన్ని నేను ఆమెకు అంటగట్టి పంపిస్తే, ఆమె దానికి పేరు పెట్టుకుని, బడిలో వేసి, ఇన్నిరోజులు నా పక్కన రైల్లో పల్లీలు తిన్నది. ఆపుకోవాలని ఆమె చెప్పింది గుర్తొచ్చింది. ఆపుకోబోయాను. ఆగలేదు. గొంతులోంచి ఏం వచ్చిందో నాకు తెలియదు.

అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లజుట్టు పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఇంకా ఏడుస్తూనే ఉన్నాను, అయిపోయిందమ్మా అని ఎవరో గౌను నా చేతుల్లోంచి లాక్కున్నారు. మేడమ్, చెవిలో ఏం చెప్పారు అని డైరెక్టర్ అడిగాడు. ఇంటి సంగతి సార్ అంది ఆమె. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు నన్నొకసారి చూసి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

సినిమా తాండూరులో వారం ఆడింది. బాగా ఏడ్చినవని చుట్టాలు నన్ను మెచ్చుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ మళ్ళీ వేషానికి పిలవలేదు. ఆ సీనులో నా వెనక గుమ్మంలో ఒక తల్లి ఉంటుంది. ఏడ్చే మనిషిని కంట్లో చుక్క నీరు లేకుండా చూస్తుంటుంది. ఆ చూపు చూసే సీరియల్‌వాళ్ళు ఆమెను పిలిచారని తరువాత తెలిసింది. ఇప్పుడు మరిది ప్రతి శనివారం హైదరాబాద్ పోతాడు. రాయి లోడు పని మీద అని అత్తమ్మకు చెప్తాడు. అత్తమ్మ నమ్మినట్టు ఊరుకుంటుంది. సోమవారం ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో వస్తాడు. నాతో మాట్లాడటం మానేసి రెండేళ్ళయింది.

ఆ షూటింగు చివరి రోజు సాయంత్రం ఇద్దరం వికారాబాద్ స్టేషన్‌కు వచ్చాం. తాండూరు బండి వస్తోందని మైకులో చెప్పగానే నేను లేచాను. ఆమె లేవలేదు. రెండో సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

"నువ్వు పో అక్కా. నేను పట్నం బండికి పోత," అంది.

తప్పయిందని అనవలసిన చోటు అదే. ఇంటికి రమ్మని చెయ్యి పట్టుకోవలసిన చోటు కూడా. నా నోటికి మాత్రం నా భయమే వచ్చింది. ఇంట్ల ఏం చెప్పాలె అని అడిగాను.

"నీకు చెప్పుడు నేర్పాల్నా అక్కా," అంది ఆమె, కోపం లేకుండా.

బండి వచ్చి ఆగింది. అది అక్కడ ఆగేది కొద్దిసేపే. నేను ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. చూసేసరికి ఆమె అటు తిరిగి, హైదరాబాద్ బండి ఎప్పుడని పక్కనున్న ముసలామెను అడుగుతోంది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మంచం మీద, మా ఆయన గుమ్మంలో, మరిది మెట్లమీద ఉన్నారు. ఆమె ఏదని అడిగారు. దారంతా నిజమే చెప్పాలనుకుంటూ వచ్చాను. గేటు దగ్గరి మాట మొదలుకొని అన్నీ వరసగా పేర్చుకున్నాను కూడా. నోరు తెరిచి, పట్నంలో పెద్ద వేషాలు వస్తాయని ఎవరో ఆశపెట్టారని, స్టేషన్‌లో కాళ్ళావేళ్ళా పడి బతిమాలానని, ఈ ఇంటి గడప ఇంక తొక్కనని నా చెయ్యి విదిలించుకుని పోయిందని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. మొహం ముడుచుకోలేదు, ఆపుకుంటూ ఏడ్చాను. అత్తమ్మ నన్ను దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిచింది.